బోణీ కాల్

ఈ శనివారం టీవీ సౌండ్ తగ్గించాల్సిన పని లేదు. పద్నాలుగు వారాల తరవాత మొదటిసారి దేవకృప అందరిలాగే ముందుగదిలో టీవీకి ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చుంది. కూర్చుందన్న మాటేగానీ కాళ్ళు పడగ్గది వైపే తిరిగి ఉన్నాయి. ఆ గదిలో మంచం పక్కన స్టూలు మీద ఫోనుంది. ఐదింటికి నాలుగు నిమిషాలుందనగా వెళ్ళి తలుపేసుకుని ఆ ఫోను ఒళ్ళో పెట్టుకోవడం అలవాటైన కాళ్ళు అవి, ఈ వారం నుంచి ఆ పని తమది కాదని వాటికింకా తెలిసినట్టు లేదు. గోడ గడియారం నాలుగూ యాభై ఆరు చూపిస్తోంది. వర్క్‌షాపు మనుషులు ఇళ్ళకి చేరిపోయి లాలాగూడ క్వార్టర్ల వీధి సద్దుమణిగింది, ఎక్కడో షంటింగ్ ఇంజను కాసేపు ముందుకీ కాసేపు వెనక్కీ పోతూ ఏదో పారేసుకున్నట్టు వెతుక్కుంటోంది, ఆర్థర్ మామయ్య గూడ్సు బండి మీద గార్డు డ్యూటీకి కాజీపేట వెళ్ళాడు, రేపటికి గానీ రాడు. టీవీ మీద లేసు గుడ్డ, దాని మీద అత్తయ్యకి ఎవరో సన్మానంలో ఇచ్చిన గాజు నెమలి, నెమలి కింద మడత పెట్టిన తెల్ల కాగితం. ఆ కాగితం వైపు చూడకూడదనుకుంది, చూసింది. చిలకలగూడలో ఆడపిల్లల హాస్టల్ ఫారం అది. సోమవారం మామయ్య దాన్ని ఇచ్చి వస్తాడు. పరీక్షలవగానే దేవకృప పెట్టె అక్కడికి వెళుతుంది, ఆమె పడుకునే చిన్న గదిలోకి మామయ్య తమ్ముడి కూతురు మేబెల్ వస్తుంది.

ఫోను కూడా మేబెల్‌కే వెళ్ళింది. ఫోనంటే ఆ నల్ల డబ్బా కాదు, బోణీ కాల్. ఆ పేరు సదాశివ గారు పెట్టారు, ఛానెల్లో అత్తయ్య ప్రోగ్రాం చూసుకునే ఆయన. ‘చెప్పండి, వింటా’ అనే ఆ ప్రోగ్రాం మొదలైన కొత్తలో ఐదింటికి పాట వచ్చి అత్తయ్య నమస్కారం పెట్టాక ఐదూ పది దాకా ఒక్క ఫోనూ మోగేది కాదట. మనసులో మాట అందరికంటే ముందు చెప్పాలంటే ఎవరికైనా సిగ్గే, ఒకరు నోరు విప్పితే మాత్రం వెనక వరసలు కడతారు. కొట్టు తెరిచాక బోణీ పడాలి మేడమ్, బోణీ పడితే గిరాకీ దానంతటదే వస్తది అని సదాశివ గారు, మనవాళ్ళే ఎవరైనా ఇంటినుంచి మొదటి కాల్ చెయ్యాలన్నారు. అత్తయ్య రెండు వారాలు ఒప్పుకోలేదు. ఒప్పుకున్నాక ఒకటే షరతు పెట్టింది, ఎవరు చేస్తున్నారో తెలిసినా ఫరవాలేదు, ఏం చెబుతారో మాత్రం తనకి ముందు తెలియకూడదు. ‘తెలిస్తే నా మొహం అబద్ధం చెప్పేస్తుంది’ అంది. ఆ తరవాత వంటింటి తలుపు వెనక నిలబడి ఇదంతా వింటున్న దేవకృప వైపు చూసింది. ఇంటికి నలుగురు వస్తే ఆ తలుపు వెనకే ఉండే పిల్ల, కాలేజీలో చేరిన మొదటి నెల లెక్చరర్లు మూగదేమో అనుకున్న పిల్ల, ఊళ్ళో నాన్నకి ఫోను చేసినప్పుడు మాత్రం కోడిపిల్లల దగ్గర్నుంచి కొత్త హార్మోనియం దాకా అరగంట మాట్లాడుతుంది. ‘మొహం కనపడకపోతే నువ్వు మాట్లాడగలవే,’ అంది అత్తయ్య, ఏదో పోయిన వస్తువు దొరికినట్టు. ఆ రోజు అత్తయ్య తనని చూసిన చూపు దేవకృప డైరీలో రాసుకుంది. అలా చూసింది ఆ ఒక్కసారే కాబట్టి రాసుకోవడానికి అట్టే సేపు పట్టలేదు.

డైరీ చివరి పేజీల్లో మాత్రం వారానికొకరు చొప్పున తను ఫోనులో అయిన పద్నాలుగు మంది ఉన్నారు. పాలకొల్లు సుగుణ, పెళ్ళయ్యాక చర్చి క్వాయర్‌లో పాడనివ్వని అత్తగారున్న కోడలు. నల్గొండ అనసూయ, ఖాళీ ఉయ్యాల విప్పలేని తల్లి. కర్నూలు నుంచి ఒక టైపిస్టు, పేరు చెప్పడానికి ఇష్టపడలేదు. వాళ్ళ ఊళ్ళు, వాళ్ళ వయసులు, ఎక్కడ ఆగి ముక్కు చీదాలో కూడా దేవకృప రాసుకునేది. ఫోనులో అటునుంచి ఎవరో కుర్రాడు ‘లైన్లో ఉండండి’ అనేవాడు, కాసేపు పాట వచ్చేది, ఆ తరవాత అత్తయ్య గొంతు. చెప్పు తల్లీ, వింటున్నా. తలంటు పోసుకుని వణుకుతున్నప్పుడు ఎవరో వెనకనుంచి పొడి తువ్వాలు చుట్టినట్టుండేది. అదే మనిషి ఏడింటికి ఇంటికొచ్చి పాలు తీసుకున్నావా, గేటు వేశావా, మామయ్య డ్యూటీ ఎన్నింటికి అని అడుగుతుంది. గొంతు ఒకటే. చుట్టడం లేదు. సుగుణతో ఆ రోజు అత్తయ్య అంది, ‘నువ్వు పాడటం మానెయ్యలేదమ్మా, గిన్నెలు తోముతూ పాడుతూనే ఉన్నావు, నాకు వినపడుతోంది’. దేవకృప నిజంగానే ఏడ్చింది. ఫోను పెట్టేశాక ఆ ఏడుపు ఎవరిదో అర్థం కాక మంచం మీద కూర్చుండిపోయింది, ఆ మాట తనకి రాలేదు, సుగుణకి వచ్చింది. తను కనిపెట్టిన మనిషికి. ఆ వారం సుగుణకి ఛానెల్ అడ్రసుకి తొమ్మిది పోస్టు కార్డులొచ్చాయి, నీకోసం ప్రార్థన చేస్తున్నామని ఒకరు, మా ఊరొచ్చి పాడమని ఒకరు. లేని మనిషి మీద ఇంత కడుపుమంట ఏమిటని రాసుకుని, ఆ వాక్యం చదువుకుని, కొట్టేసింది.

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగింది. ఎల్లమ్మ చీర కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి గడప దగ్గర గోడకి ఆనుకుని కాళ్ళు చాపుకుంది. పన్నెండేళ్ళుగా ఈ ఇంట్లో పని చేస్తోంది, శనివారం మాత్రం ప్రోగ్రాం అయ్యాకే ఇంటికి వెళుతుంది.

“షురూ అయిందా బిడ్డా?”

“ఇంకా లేదు.”

“గా పాలకొల్లు సుగుణ మళ్ళ ఫోన్ చేస్తలేదేంది? అత్త గిట్ట గొంతు పిసికిందో ఏమో.”

“బాగానే ఉండుంటుంది ఎల్లమ్మా.”

“నీకేం ఎరుక? నువ్వు ఎన్నడన్న చూసినవా? శనివారం ఐదు కొట్టంగనే గదిల పోయి తలుపేసుకుంటివి. జెర సౌండ్ పెంచు.”

పెంచింది. పాట మొదలైంది, రెండు చేతులు ఒక తలుపు తెరుస్తున్న బొమ్మ, ఆ తలుపు వెనక వెలుగులో అత్తయ్య. ఆకుపచ్చ పట్టు చీర, బంగారు ఫ్రేము కళ్ళజోడు, కింద అక్షరాలు, డాక్టర్ కాంత. కాంతమణి అంటే కింద పట్టీలో పట్టలేదని సదాశివ గారు మణి తీసేశారు. వంటింట్లో ఫ్రిజ్ మీద అత్తయ్య నీళ్ళు తాగే స్టీలు గ్లాసు ఉంది, పెళ్ళిలో పుట్టింటి వాళ్ళిచ్చింది, దాని మీద మాత్రం కాంతమణి అని పూర్తిగా చెక్కి ఉంటుంది, రోజూ తోమి తోమి ‘కాం’ అరిగిపోయింది. ఒక సగం టీవీలో, ఒక సగం గ్లాసు మీద. ఈ మనిషిని ఎంతమంది పంచుకుంటారు. మోండా మార్కెట్లో చిక్కుడుకాయలు తూస్తూ తూస్తూ తరాజు అలాగే పట్టుకుని, అమ్మా మా చిన్నోడు పక్క తడుపుతుండు అంటుంది ఆ కూరలమ్మే కమలాబాయి, అత్తయ్య సంచీ కింద పెట్టి వింటుంది. ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి మెట్ల మీద ఆడవాళ్ళు వరస కడతారు. స్టేషన్లో కూలీలు నమస్తే డాక్టరమ్మా అని పెట్టె అందుకుంటూ నాలుగో ప్లాట్‌ఫాం దాకా కూతురి సంగతి చెప్పుకుంటారు. అందరికీ తలా కాస్త దొరుకుతుంది, ఆ కాస్తతో వాళ్ళు బాగుపడిపోయి వెళ్ళిపోతారు కూడా, దేవకృప పక్కన సంచీ పట్టుకుని నిలబడి, వీళ్ళెవరికీ ఇంటికెళితే చెప్పుకోడానికి మనుషులు లేరా అని పళ్ళు బిగించుకుంటుంది.

ఊళ్ళో ఉన్నప్పుడు ఇలా లేదు. అప్పుడు అత్తయ్య అంటే పేపర్లో తపాలా బిళ్ళంత ఫోటో. ఆదివారం పేపరు సోమవారం సాయంత్రానికి ఊరు చేరేది, నాన్న జకర్యా మాస్టారు మిషన్ బడి అరుగు మీద నిలబడి ‘ఇది మా అక్క రాసింది’ అని గట్టిగా చదివేవాడు, తరవాత ఆ ఫోటో కత్తిరించి కీర్తనల పుస్తకంలో పెట్టుకునేవాడు. అత్తయ్య కథ నాన్న ఎన్నిసార్లు చెప్పాడో. టీచర్ ట్రైనింగ్ అవగానే మామయ్యని చేసుకుని ఈ క్వార్టర్‌కి వచ్చింది. రైల్వే పిల్లల బడిలో లెక్కలు చెప్పేది. మధ్యాహ్నం అన్నం గంటలో పిల్లలు లెక్కలు అడగడానికని వచ్చి ఇంట్లో గొడవలు చెప్పుకునేవాళ్ళు, చెప్పి వెళ్ళిన పిల్లలకి లెక్కలు కూడా వచ్చేవి, అది చూసి ఈవిడ ముప్పై ఏళ్ళకి మళ్ళీ పుస్తకాలు పట్టి సైకాలజీ చదివింది. యూనివర్సిటీ బస్సులో నిలబడి చదివిందట, పట్టా మీద పట్టా, చివరికి డాక్టరేటు. వరండాలో ఒక మూల తెర కట్టి, బయట బోర్డు పెట్టిన రోజున వీధి వీధంతా నవ్వింది, పిచ్చి డాక్టరమ్మ అని పేరు పెట్టింది. వచ్చేవాళ్ళు కూడా పాల కోసం వచ్చినట్టు చేతిలో క్యాను పట్టుకుని, పొద్దు వాలాక, సందులోంచి వచ్చేవాళ్ళు. ఆ క్యాన్లు ఎల్లమ్మ చూసింది. అన్ని క్యాన్లచ్చేది బిడ్డా, ఒక్కదాంట్ల పాలుండకపోయేది అని నవ్వుతుంది. ఇప్పుడు అదే వీధి, చుట్టాలొస్తే ‘డాక్టర్ కాంత గారిల్లు ఇదే’ అని చూపిస్తుంది.

ఆ తెర ఇంకా ఉంది. దాని సందులోంచి దేవకృప ఒకసారి చూసింది, చూడకూడదని తెలిసే. లోపల ఒక ముసలాయన మాట రాక పెదవులు కదుపుతున్నాడు. అత్తయ్య మెల్లగా కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకుంది. కళ్ళజోడు లేకపోతే అత్తయ్యకి చేతి పొడవు దూరంలో మనిషి కూడా మంచులో చెట్టులాగే కనిపిస్తాడు, అది ఆయనకి కూడా తెలిసినట్టుంది, ఇక తనని ఎవరూ చూడటం లేదని ధైర్యం వచ్చి గడగడా మొదలుపెట్టాడు. అదీ అత్తయ్య అసలు వినడం. టీవీలో అలా తియ్యనివ్వరు, ముక్కు మీద ఎర్రటి గుంటలు లైట్ల కింద బాగుండవని సదాశివ గారు చెప్పారు, అందుకే టీవీలో చెయ్యి గడ్డం కింద పెట్టుకుని తల కొంచెం వంచుతుంది, పోస్టర్ల మీద కూడా అదే బొమ్మ. ముసలాయనకి కళ్ళజోడు తీసింది. పరీక్ష తప్పిన కుర్రాడికి తీసింది. ఈ ఇంటికొచ్చిన ఎనిమిది నెలల్లో దేవకృప కోసం ఆ కళ్ళజోడు ఎప్పుడూ ముక్కు మీదనుంచి దిగలేదు. హాస్టల్ సంగతి చెప్పినప్పుడు కూడా అంతే. కారు తాళాలు వెతుక్కుంటోంది, సోఫా దిండ్లు ఎత్తి చూస్తోంది, ‘కాలేజీకి దగ్గర, నీ ఈడు పిల్లలుంటారు, నీకూ నాలుగు మాటలు అలవాటవుతాయి, మేబెల్ ఇక్కడుంటే నాకు క్లినిక్‌లో సాయంగా ఉంటుంది, ఇష్టమేగా?’ అంది. దేవకృప తలూపింది. తాళాలు దొరికాయి. మనసులు చదివే మనిషి, రాష్ట్రంలో ఏ మూలనుంచి ఎవరు ఊపిరి పీల్చినా ఆ ఊపిరిలో ఏముందో చెప్పే మనిషి, మూడడుగుల దూరంలో ఊగిన తలని నమ్మేసింది.

“ఇగో, మన అమ్మ మాట్లాడుతున్నది. సప్పుడు చెయ్యకు,” అంది ఎల్లమ్మ, ఎవరూ చప్పుడు చెయ్యకపోయినా.

టీవీలో అత్తయ్య నమస్కారం అయింది. పక్కన యాంకర్ అమ్మాయి నంబర్లు చదువుతోంది. ఇంకో నిమిషంలో మేబెల్ మారేడ్‌పల్లిలో వాళ్ళ ఇంట్లోంచి ఫోను చేస్తుంది. ఎందుకు మేబెల్ అంటే కాప్రా నుంచి ఒకావిడ ఛానెల్‌కి ఉత్తరం రాసింది, పాలకొల్లు సుగుణా నల్గొండ అనసూయా ఇద్దరూ మాట మాటకీ మరేనండీ అంటున్నారు, నల్గొండ వాళ్ళు అలా అనరు, ఈ ఇద్దరూ ఒకరేనా అని. ఆ మరేనండి దేవకృపతో పాటు ఊరినుంచి వచ్చింది. గొంతు మార్చండి అన్నారు సదాశివ గారు. కథ నువ్వే రాయి, మేబెల్ చదువుతుంది అంది అత్తయ్య, అది చాలా చిన్న విషయమన్నట్టు, చపాతీ ఒకరు ఒత్తితే ఒకరు కాల్చినట్టు. మేబెల్ కాన్వెంటు పిల్ల. అత్తయ్యని పెద్దమ్మా అని మెడ చుట్టూ చేతులేసి వేళ్ళాడుతుంది, అత్తయ్య మంచం మీద కాళ్ళు పెట్టుకుని పడుకుంటుంది, అత్తయ్య సెంటు అడక్కుండా కొట్టుకుంటుంది, అత్తయ్య దాన్ని ‘పోవే దొంగా’ అంటుంది. ఆ ‘పోవే’ కోసం దేవకృప ఏమైనా ఇచ్చేది. తనని అత్తయ్య ఎప్పుడూ దేవకృపా అని పూర్తి పేరుతో, ఉత్తరంలో రాసినట్టు పిలుస్తుంది.

పొద్దున మేబెల్ స్కూటీ మీద వచ్చింది, హెల్మెట్ తియ్యకుండానే.

“హాయ్ కృపా, పేపర్ రెడీనా? అబ్బా, నీ హ్యాండ్‌రైటింగ్ ఏంటి యార్, వెడ్డింగ్ కార్డ్ లాగా! మళ్ళీ విలేజ్ అమ్మాయేనా?”

“కాదు. ఇక్కడి అమ్మాయే.”

“థాంక్ గాడ్. పేరు స్వప్న అని పెట్టుకుంటా. ఏడవాలా ఎక్కడైనా?”

“అక్కర్లేదు.”

“గ్రేట్. నాకు ఏడుపు రాదు బాబా, నవ్వొచ్చేస్తుంది.”

మడిచి జీన్స్ జేబులో పెట్టుకుంది. చదవలేదు. చదువుతుందేమోనని దేవకృప గుండె గేటు దాకా వెళ్ళి వచ్చింది. గురువారం ముందు ఒక కాగితం మీద గుంటూరు అమ్మాయి ఒకతెను రాసింది, వేలికి కట్టు కట్టుకున్న దర్జీ పిల్ల, బాగానే వచ్చింది. మేబెల్ గొంతుతో ఆ పిల్ల మాట్లాడటం, ఆ గొంతుకి అత్తయ్య ‘చెప్పు తల్లీ’ అనడం ఒక్కసారి ఊహించుకుంది. ఆ కాగితం చింపేసింది. ఎందుకివ్వాలి? వేరే కాగితం తీసి, ఇన్నాళ్ళూ ఎవరి పేరూ పెట్టి రాయలేనిది, ఏ ఊరూ తగిలించకుండా రాసేసింది. ఇప్పుడు టీవీ ముందు కూర్చుంటే తెలుస్తోంది. ఎంత పిచ్చి పని. మేబెల్ మేబెల్ గురించే చదవబోతోంది. లేచి ఫోను చేసి ఆపెయ్యాలనిపించింది, మారేడ్‌పల్లి నంబరు గుర్తుంది, కాళ్ళు పడగ్గది వైపే ఉన్నాయి కూడా.

టీవీలో ఫోను మోగింది.

“మన మొదటి కాలర్ సికింద్రాబాద్ నుంచి స్వప్న గారు,” అంది యాంకర్.

“చెప్పు తల్లీ, వింటున్నా.”

ఆ గొంతు. దేవకృప కుర్చీ అంచు పట్టుకుంది. అది వెళ్ళిపోతోంది, తన ఎదురుగానే, మారేడ్‌పల్లిలో ఏ సోఫా మీదో కాళ్ళూపుకుంటూ కూర్చున్న మనిషి చెవిలోకి. అప్పుడు ఇంకోటి తట్టింది. ఈ గొంతు వచ్చేటప్పుడు అత్తయ్య మొహం ఎలా ఉంటుందో తను ఎప్పుడూ చూడలేదు. పద్నాలుగు వారాలు తను మూసిన తలుపు వైపు చూస్తూ మాట్లాడింది, టీవీ సౌండ్ ఉంటే ఫోనులో ప్రతిధ్వని వస్తుందని. మేబెల్‌కి చెవిలో గొంతుంది. తనకి ఇప్పుడు మొహం ఉంది. ముందుకి వంగింది. గడ్డం కింద చెయ్యి, కొంచెం వంచిన తల, పోస్టర్ మీద బొమ్మ. అంతేనా? సుగుణకి కూడా ఇదేనా చేసింది?

“మేడమ్, నేను మా రిలేటివ్స్ ఇంట్లో ఉండి చదువుకుంటున్నాను. ఆ ఆంటీ అంటే నాకు చాలా ఇష్టం. ఆవిడ అందరితో బాగా మాట్లాడుతుంది. నాతో కూడా మాట్లాడుతుంది, కానీ గేటు గురించి, పాల గురించి మాట్లాడుతుంది.”

“గీ పిల్ల బాధ చెప్తలేదు, పాఠం సదువుతున్నది,” అంది ఎల్లమ్మ.

“ఇప్పుడు నన్ను హాస్టల్‌కి పంపుతున్నారు. ఇష్టమేనా అని అడిగితే తలూపాను. నా ప్లేస్‌లో ఇంకో అమ్మాయి వస్తుంది. ఆ అమ్మాయిని చూస్తే నాకు చాలా...” మేబెల్ ఆగింది. ఒక్క క్షణమే. ఆ క్షణంలో నవ్వు మీద నడిచే ఆ గొంతు ఏదో ముల్లు తొక్కినట్టు అడుగు వెనక్కి తీసుకుంది. “చాలా జెలసీగా ఉంటుంది. అంతే మేడమ్. అంతే నా ప్రాబ్లం.”

అంతే కాదు. ఇంకా ఆరు లైన్లున్నాయి. ఆ ఆరు లైన్ల కోసమే పైదంతా రాసింది. మింగేసింది, దొంగమొహం, గది తీసుకుంది, ఫోను తీసుకుంది, ఆఖరికి ఈ ఆరు లైన్లు కూడా జేబులో వేసుకుంది. అత్తయ్య అప్పటికే మొదలుపెట్టేసింది, చూడు స్వప్నా, ముందుగా ఇంత ధైర్యంగా చెప్పినందుకు నిన్ను మెచ్చుకుంటున్నా అని, అందరితో అనేదే, చెయ్యి గడ్డం కిందే ఉంది. అసూయ అనేది తప్పు కాదమ్మా, అది ఆకలి లాంటిది, మనకేం కావాలో చెబుతుంది. ఈ మాట విజయనగరం కోడలికి కూడా చెప్పింది, నాలుగో వారం. అయిపోయింది. సోమవారం ఫారం వెళ్ళిపోతుంది.

“ఒక్క మాట అడుగుతా. ఇదంతా ఆవిడకి చెబుదామని నువ్వెప్పుడైనా అనుకున్నావా?”

కాగితం విప్పుతున్న చప్పుడు టీవీలో స్పష్టంగా వినపడింది. సొంత జవాబు లేని మేబెల్ వదిలేసిన చోట మళ్ళీ అందుకుంది, ఈసారి నెమ్మదిగా, చదువుతున్నట్టు కాకుండా, అప్పుడే తెలుసుకుంటున్నట్టు.

“అనుకున్నాను మేడమ్. సాయంత్రం ఇంటికి రాగానే ఆవిడ ఫ్రిజ్ పక్కన నిలబడి స్టీలు గ్లాసుతో మంచినీళ్ళు తాగుతుంది. తాగినంతసేపూ కళ్ళు మూసుకుంటుంది. నేను వంటింటి తలుపు దగ్గర నిలబడతాను. కళ్ళు తెరవగానే చెబుదామనుకుంటాను. రోజూ అనుకుంటాను. ఆవిడ కళ్ళు తెరిచి, గేటు వేశావా అంటుంది. వేశాను అంటాను.”

గడ్డం కింద చెయ్యి లేదు. ఎప్పుడు తీసిందో దేవకృపకి తెలియలేదు. అత్తయ్య కెమెరా వైపు చూడటం లేదు, యాంకర్ వైపు చూడటం లేదు, బల్ల మీద ఎక్కడో చూస్తోంది, ఆ తరవాత రెండు చేతులూ పైకి వెళ్ళి బంగారు ఫ్రేము కళ్ళజోడు తీసేశాయి. ముక్కుకి రెండు పక్కలా ఎర్రటి గుంటలు. రాష్ట్రమంతా చూస్తుండగా. వయసెక్కువైన మనిషి మొహం అది, నాన్న కీర్తనల పుస్తకంలోది కాదు, పోస్టర్లది కాదు, ఆ కళ్ళకి ఏమీ కనపడటం లేదు, కనపడకుండా దేన్నో చూస్తున్నాయి. ఐదు, ఆరు, ఏడు క్షణాలు లెక్కపెట్టింది దేవకృప. ‘మేడమ్?’ అంది యాంకర్. ‘స్వప్న గారి లైన్ కట్ అయినట్టుంది, ఒక చిన్న విరామం’ అంది. సబ్బు ప్రకటన వచ్చింది.

ఎల్లమ్మ కాళ్ళు ముడుచుకుంది.

“మన అమ్మ సుత గట్లనే తాగుతది గదా నీళ్ళు,” అంది. అని, మెల్లగా ఇటు తిరిగి దేవకృపని కిందనుంచి పై దాకా చూసింది, ఎనిమిది నెలల్లో మొదటిసారి చూస్తున్నట్టు. “ఓ బిడ్డా...”

పడగ్గదిలో ఫోను మోగింది. కాళ్ళు ముందే వెళ్ళిపోయాయి. రిసీవర్ ఎత్తింది. అవతల ఎవరో అరుస్తున్నారు, లైట్లంటున్నారు, టచప్ అంటున్నారు, సదాశివ గారి గొంతు, రెండు నిమిషాలే మేడమ్ అని.

“కృపా,” అంది అత్తయ్య. తువ్వాలు లాంటి గొంతు కాదు. గరగరలాడుతోంది, ఏడింటికి ఇంటికొచ్చే గొంతే. “చెప్పు.”

‘తల్లీ’ లేదు. ‘వింటున్నా’ లేదు. దేవకృప అలవాటుగా మూసిన తలుపు వైపు చూసింది, తలుపు తెరిచే ఉంది, అవతల టీవీ ప్రకటనల హోరు. పద్నాలుగు మంది కష్టాలు ధారాళంగా చెప్పిన నోరు ఒక పేరు కోసం వెతుక్కుంది. ఎవరి పేరు చెప్పాలి, ఏ ఊరు? చివరికి బయటికొచ్చింది ఆమె రాసుకున్నదేదీ కాదు.

“మేబెల్ సరిగ్గా చదవలేదు అత్తయ్యా. మధ్యలో మింగేసింది.”

అవతల ఒక చప్పుడు, నవ్వో మరొకటో.

“మింగేసింది. విన్నాను.”

“గట్టిగా నొక్కి చదవాల్సింది అక్కడ.”

“ఊఁ.”

“ఆ రోజు తలూపాను గానీ,” అంది దేవకృప, గొంతు మరీ సన్నగా వస్తోంది, గొంతు సన్నగా వచ్చినా ఫోను దాన్ని పూర్తిగా మోసుకెళుతుందని తెలుసు, “నాకిష్టం లేదు.”

మేడమ్, వన్ మినిట్ అన్నారెవరో. అత్తయ్య ఊపిరి మాత్రం ఫోనులో వస్తూ ఉంది, పెద్దగా, దగ్గరగా.

“నేను తాళాలు వెతుక్కుంటున్నాను కదూ అప్పుడు,” అంది.

“మరేనండి,” అంది దేవకృప, నాలుక కరుచుకుంది.

“ఆ ఫారం ఎక్కడుంది?”

“నెమలి కింద.”

“అక్కడే ఉండనీ. ఏడింటికొస్తా. వచ్చి నీళ్ళు తాగను. ముందు నువ్వు చెప్పు, మొత్తం, మింగకుండా. చెప్పాక తాగుతా. సరేనా?” ఆగి, “తలూపకు. నాకు కనపడదు,” అంది.

“సరే.”

ఫోను పెట్టేసి ముందుగదిలోకి వచ్చేసరికి పాట అయిపోతోంది. అత్తయ్య తిరిగి కుర్చీలో ఉంది, కళ్ళజోడు ముక్కు మీద ఉంది, గుంటల మీద పౌడరుంది. ఫోన్లు ఒకదాని మీద ఒకటి మోగుతున్నాయి, ఇంత గిరాకీ ఎప్పుడూ లేదు. ఖమ్మం నుంచి ఎవరో నాంచారమ్మ గారట.

“చెప్పు తల్లీ, వింటున్నా,” అంది అత్తయ్య.

కడుపులో అదే మంట, ఎప్పటిదే, కొంచెం కూడా తగ్గలేదు. ఖమ్మం ఆవిడ ఎవరో, ఎంత కష్టంలో ఉందో, ఆ గొంతు ఆవిడకి ఎందుకు దొరకాలి అనే అనిపించింది. అయినా టీవీ ముందు కాళ్ళు నిలవలేదు. వంటింట్లోకి వెళ్ళింది. ఫ్రిజ్ మీద స్టీలు గ్లాసు ఉంది. ఎల్లమ్మ రోజూ వెళ్ళేముందు దాన్ని కడిగి నీళ్ళు నింపి మూత పెట్టి వెళుతుంది, ఇవాళ కూడా నింపేసింది. దేవకృప మూత తీసింది. నీళ్ళు కుండలో తిరగబోసింది, అరిగిపోయిన ‘కాం’ మీద బొటనవేలు ఒకసారి రాసి, గ్లాసుని బల్ల మీద బోర్లించింది.

“గదేంది బిడ్డా, అమ్మ వచ్చే యాళ్ళకు బోర్లిస్తివి?” అంది ఎల్లమ్మ గడప దగ్గరనుంచి. తనే మళ్ళీ, గొంతు తగ్గించి, “గా గ్లాసు పిల్ల... మళ్ళ వచ్చే శనివారం చెప్తదా ఏమైందో?” అంది.

“లేదు ఎల్లమ్మా,” అంది దేవకృప. “ఏడింటికి చెబుతుంది.”